హీటర్ లేని నిలువనీడ: మంచుదారి పక్కన ఒక చిన్న కట్టడం, నా అనుభవం

చలికాలంలో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగే ప్రాంతంలో, నది ఒడ్డున సాగే నడకదారి పక్కన జనం కాసేపు ఆగి సేదదీరేందుకు ఒక చిన్న కట్టడాన్ని రూపొందించే పని నాకు అప్పగించారు. నిర్వాహక సంఘం ఇచ్చిన కాగితంలో మూడు గోడలు, ఒక పైకప్పు, ఒక విద్యుత్ హీటర్ అని ఉంది. తలుపు మాత్రం వద్దన్నారు. మంచు పేరుకుని తలుపు బిగుసుకుపోతే లోపలివారు చిక్కుకుపోతారన్న వారి భయం సహేతుకమైనదే. అయితే తలుపు లేని చోట గాలిని ఎంత వేడి చేసినా అది నిమిషాల్లో బయటికి పోతుంది కనుక, ఆ కరెంటంతా వృథా అవుతుందన్నది నా అభిప్రాయం.

వారిని ఒప్పించడానికి నాకు ఉపయోగపడినది విండ్ చిల్ పట్టిక, అంటే గాలి వేగాన్ని బట్టి ఒంటికి చలి ఎంతగా తోస్తుందో చూపే పట్టిక. మైనస్ 20 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, ఒంటికి అది దాదాపు మైనస్ 33గా తోస్తుంది. గాలిని పూర్తిగా ఆపగలిగితే ఇంధనం ఏదీ ఖర్చు చేయకుండానే 13 డిగ్రీల ఊరట దొరుకుతుంది. ఎండను లోపలికి రానిచ్చి, కూర్చున్నవారి ఒంట్లోని వేడిని బెంచీ లాగేయకుండా చూస్తే హీటర్ అవసరమే ఉండదని వివరించాను. చర్చలు చాలాసేపే సాగాయి గానీ, చివరికి ఒక చలికాలం హీటర్ లేకుండా పరీక్షించడానికి ఒప్పుకున్నారు.

ఆ తరువాత నేను గీత గీయడానికి ముందు మంచునే చదివాను. వాతావరణ శాఖ లెక్కల ప్రకారం అక్కడ గాలి ఎక్కువగా వాయవ్యం నుంచి వీస్తుంది. కానీ నది ఒడ్డున, చెట్ల వరుసల మధ్య అది దారి మార్చుకుంటుంది. ప్రతి గుంజ వెనుకా మంచు ఒక సన్నని తోకలా పేరుకుని, కొస దగ్గర మొనదేలి ఉంటుంది. ఆ తోక ఎటు చూపిస్తే గాలి అటు పోతున్నట్టు. వాటి దిశలను పటం మీద గుర్తించుకుంటూ పోతే, ఒడ్డు వంపు తిరిగేచోట గాలి దాదాపు నేరుగా పడమటి నుంచి వస్తోందని తేలింది. అక్కడే కట్టాలని నిర్ణయించాం, ఎందుకంటే తెరిచిన ముఖాన్ని దక్షిణానికి పెడితే గాలి దానికి ఎదురుగా కాక పక్కగా సాగిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, ఈ పనిలో అన్నిటికన్నా లోతుగా ఆలోచించవలసినది కూడా అదే. గాలి నెమ్మదించిన చోటే అది మోసుకొచ్చిన మంచును దించేస్తుంది. అంటే మనిషికి హాయిగా ఉండే మూలే మంచు కుప్పగా మారే మూల కూడా. ప్రవేశాన్ని గాలికి సరిగ్గా వెనుకవైపు పెట్టిన కట్టడాలు తరచూ మంచుతో పూడుకుపోవడానికి కారణం ఇదే. అందుకని నేలను గుంజల మీద పైకి లేపి, గోడల అడుగున గాలి వేగంగా దూసుకుపోయేలా ఖాళీ వదిలాం. ఆ గాలే అడుగున చేరే మంచును ఊడ్చుకుపోతుంది. పడమటి గోడను ముందుకు కొంచెం పొడిగించాం. పడమర దిక్కున దూరంగా, మొత్తం మీద సగం మేర పలకల మధ్య సందులే ఉండే చెక్క కంచె వేశాం. సందుల్లేని గోడ కన్నా ఇలాంటి కంచె ఎక్కువ మంచును ఆపుతుంది. అయితే దాని వెనుక మంచుదిబ్బ కంచె ఎత్తుకు 30 రెట్లకు పైగా దూరం సాగవచ్చు కాబట్టి, దగ్గరలో వేస్తే మేలుకు బదులు కీడే జరుగుతుంది.

ఎండ విషయం తేలికగానే తేలింది. మేం కట్టినది దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి సుమారు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంత వాలుగా వచ్చే ఎండ వెనుక గోడ దాకా చేరుతుంది, ముందున్న మంచు మీద పడి ప్రతిఫలించే వెలుగూ దానికి తోడవుతుంది. వెనుక గోడను రాతితో కడితే వేడిని నిలవ ఉంచుతుందని సంఘంలో ఒకరు సూచించారు. పగలు పొడుగ్గా ఉండే చోట, మూసి ఉన్న గదిలో అది మంచి సలహాయే. కానీ కొద్ది గంటల ఎండలో రాయి వేడెక్కేలోపే పొద్దు వాలిపోతుంది. అందువల్ల త్వరగా వేడెక్కే ముదురు రంగు చెక్క పలకలను ఎంచుకుని, వాటి వెనుక వేడిని బయటికి పోనివ్వని, చెక్కనారతో చేసిన ఇన్సులేషన్ బోర్డు పెట్టాం. మిగతా గోడలకు ఇన్సులేషన్ వేయలేదు. లోపల నిలవ ఉండే వేడే లేనప్పుడు అది కాపాడేది ఏమీ ఉండదు.

బెంచీ దగ్గర మాత్రం నేను ఎంతో పట్టుదలగా ఉన్నాను. స్టీలు తన గుండా వేడిని చెక్కకన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువగా పారనిస్తుంది, అందుకే తాకితే ఒంట్లోని వేడిని చాలా వేగంగా లాగేస్తుంది. అందుకని ఒక్క బోల్టు తల కూడా పైకి కనిపించకుండా అన్నిటినీ అడుగునుంచే బిగించమని వడ్రంగులను కోరాను. అది ఎందుకో నమూనా బెంచీని ఒక రాత్రి బయట ఉంచినప్పుడు అందరికీ కనిపించింది. పైనుంచి బిగించిన బోల్టుల చుట్టూ తెల్లగా మంచు కట్టింది, పక్కనున్న చెక్క మాత్రం పొడిగా ఉంది.

పునాదికి కాంక్రీటు వాడలేదు. నది ఒడ్డు ఒండ్రుమట్టి నీటిని పైకి పీల్చుకుంటుంది, గడ్డకట్టేటప్పుడు పొరలు పొరలుగా మంచు పెరిగి నేలనే పైకి ఎత్తుతుంది. గడ్డకట్టే లోతుకు దిగువదాకా స్క్రూ పైల్స్, అంటే మరలా తిప్పుతూ నేలలోకి దించే గుంజలు, దించాం. కట్టడం అవసరం తీరాక వాటిని తిప్పి వెనక్కి తీసేయవచ్చు. పైకప్పును వెనక్కే వాల్చాం. ముందుకు వాలిస్తే కరిగిన నీరు గుమ్మం దగ్గర పడి మళ్లీ గడ్డకట్టి, జారుడు నేల అవుతుంది.

రూపం కోసం వెతికేటప్పుడు కెనడాలోని విన్నిపెగ్‌లో పట్కావ్ ఆర్కిటెక్ట్స్ 2011లో స్కేటింగ్ చేసేవారి కోసం చేసిన చిన్న గూళ్లను చాలా శ్రద్ధగా చూశాను. పలచని ప్లైవుడ్‌ను వంచి, ఆ వంపు వల్లనే దానికి గట్టిదనం తెచ్చారు. తక్కువ సామగ్రితో ఎక్కువ పని చేయించడమే పర్యావరణహితమైన నిర్మాణానికి మొదటి మెట్టు అని నేను నమ్ముతాను. మా పలకలను కూడా జిగురుతో అతికించకుండా స్క్రూలతోనే బిగించాం.

మొదటి చలికాలం గడిచాక, ఎండ కాసిన మధ్యాహ్నాల్లో జనం వెనుక గోడకు వీపు ఆనించి కూర్చోవడం చూశాను. నేల మీద మంచు పెద్దగా చేరలేదు, తూర్పు మూలన మాత్రం కొంత పేరుకుంది. అక్కడ అడుగు ఖాళీని పెంచాం. చెక్క కంచె పక్కనే పొదల వరుస కూడా నాటాం. అవి నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా కంచె ఉంటుంది. తరువాత దాని పలకలను విప్పి, కట్టడం నేలలో అరిగిపోయిన పలకల స్థానంలో వాడాలని నిర్వహణ ఒప్పందంలోనే రాయించాను.