తెల్లవారుజామున రెండింటికి బయలుదేరాలి: మంచు శిఖరానికి మేం వేసుకున్న ప్లాన్

పై వాలు మీద మంచు ఎన్నింటికి మెత్తబడుతుంది? మా ప్లాన్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. రోడ్డుకు చాలా దూరంగా, ఫోన్ సిగ్నల్ అందని చోట ఉన్న శిఖరం అది. వెళ్లేది వసంతంలో. చలికాలపు మంచు ఇంకా మందంగానే ఉంటుంది, ఎండ మాత్రం అప్పటికే చురుక్కుమంటూ ఉంటుంది. రాత్రి గడ్డకట్టిన పైపొర తెల్లవారుజామున రాయిలా కాలిని ఆపుతుంది. పొద్దెక్కేకొద్దీ పైమంచు కరిగి నీళ్లు లోపలికి దిగుతాయి, రేణువుల మధ్య పట్టు సడలుతుంది. తడి మంచు చరియలు ఎక్కువగా జారేది అప్పుడే.

అందుకే లెక్క చివరి నుంచి మొదలుపెట్టాం. హైక్యాంపు, అంటే శిఖరానికి ముందు వేసే చివరి క్యాంపు, నుంచి శిఖరానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. మధ్యలో తూర్పుకు తిరిగిన నిటారు వాలు ఒకటి ఉంది. పొద్దున ముందుగా ఎండ తగిలేది దానికే. దిగేటప్పుడు పదింటికల్లా ఆ వాలు దాటేయాలని గీత గీసుకున్నాం. శిఖరం నుంచి అక్కడికి దిగడానికి రెండు గంటలు. అంటే ఎక్కడున్నా సరే, ఎనిమిదింటికి వెనక్కి తిరగాలి. ఎక్కడానికి వేగం ఎంత వేసుకోవాలన్నది ఇంకో చిక్కు. 1892లో నెయిస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఒకటుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఇంకో గంట. మామూలు కొండలకు అది సరిపోతుంది. పలుచని గాలిలో, బూట్ల కింద బిగించుకునే ఇనుప పళ్ల క్రాంపాన్లతో, తాడు కట్టుకుని నడిచేటప్పుడు సరిపోదు. మాలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని లెక్కలోకి తీసుకుని గంటకు 200 మీటర్లు వేసుకున్నాం. ఐదు గంటల ఎక్కుడు, దాని మీద ఒక గంట వెసులుబాటు. అలా వచ్చింది తెల్లవారుజామున రెండు గంటల సమయం.

వెనక్కి తిరిగే వేళను ఇంటి దగ్గర, స్థిమితంగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలని నేను పట్టుబట్టాను. శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు, ఒళ్లు అలసి ప్రాణవాయువు తక్కువైనప్పుడు, ఎవరి బుర్రా సరిగా పనిచేయదు. 1996 మే నెలలో ఎవరెస్టు మీద తుపానులో చిక్కుకుని ఎనిమిది మంది చనిపోయారు. అనుకున్న వేళ దాటాక కూడా పైకే వెళ్లినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఆ సంగతి చదివినప్పటి నుంచి నా మనసులో ఈ విషయం గట్టిగా నాటుకుపోయింది.

తర్వాత మ్యాపు. పొడి మంచు పలకలుగా విరిగి జారేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. ఒకే ఎత్తులోని చోట్లను కలిపే కాంటూర్ గీతలు 20 మీటర్లకొకటి ఉన్న 1:25,000 మ్యాపులో 30 డిగ్రీలంటే గీతల మధ్య దూరం సుమారు 1.4 మిల్లీమీటర్లు. గీతలు అంతకంటే దగ్గరగా ఉన్న చోటల్లా ఎర్ర పెన్సిల్‌తో రంగు వేశాం. వేశాక చూస్తే, దగ్గరి దారి అనుకున్న లోయ రెండు పక్కలా ఎర్రగా ఉంది. లోయ అడుగు చదునుగానే ఉంటుంది, కానీ పైనుంచి జారిందంతా వచ్చి పడేది అక్కడే. దూరమైనా రిడ్జ్, అంటే కొండ వెన్ను మీది దారే ఖాయం చేసుకున్నాం. రిడ్జ్ మీద కూడా గాలి పేర్చిన మంచు అంచు బయటికి వేలాడుతూ ఉంటుంది. అది ఎక్కడిదాకా గట్టినేలో పైనుంచి తెలియదు కాబట్టి అంచుకు బాగా ఎడంగా నడవాలని రాసుకున్నాం.

సామాన్లలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది బీకాన్ (పూడిపోయిన మనిషిని వెతకడానికి ఒంటిమీద కట్టుకునే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార మీద. మంచు కింద పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది, పదిహేను నిమిషాల తర్వాత వేగంగా పడిపోతుంది. అంత మారుమూలకు అంతలోపు బయటి సాయం రాదు. కాపాడాల్సింది పక్కనున్నవాళ్లే. బీకాన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీది దేన్నయినా వెతకగలదు. వెతికే చేతికి అలవాటుండాలి, అంతే. ఒక సంచిలో బీకాన్ పెట్టి పూడ్చి, గడియారం చూసుకుంటూ మళ్లీ మళ్లీ వెతికాం. అందులో అసలు సమయం తినేది తవ్వకమే. బరువుకు భయపడి ప్లాస్టిక్ పార కొనొద్దు. జారి వచ్చి ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుపోతుంది.

కళ్లద్దాలు, గ్యాస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి పక్కలు మూసిన అద్దాలే పెట్టుకోవాలి. తాగే ప్రతి చుక్కా మంచు కరిగించుకున్నదే కాబట్టి గ్యాస్ ధారాళంగా ఉండాలి.

ఎత్తుకు అలవాటు పడటాన్ని మాత్రం తొందరపెట్టలేం. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి విశ్రాంతి తీసుకోవాలి. మా రోజులన్నీ ఈ నియమం ప్రకారమే పేర్చి, పైన కొన్ని విడి రోజులు ఉంచుకున్నాం. అవి పనికొచ్చాయి. మాలో ఒకరికి తలనొప్పి, వికారం మొదలైతే తగ్గేదాకా అందరం ఆ ఎత్తులోనే ఆగాం. నడకలో తూలినా, ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసం వచ్చినా ఇక ఆగడం కూడా ఉండదు, రాత్రయినా సరే కిందికి దించేయాల్సిందే.

అత్యవసర సందేశానికి ఇంకో రకం బీకాన్, శాటిలైట్ ద్వారా సాయం కోరే 406 మెగాహెర్ట్జ్‌ది, తీసుకెళ్లాం. ఇలాంటి శాటిలైట్ పరికరాలకు కొన్ని దేశాల్లో ముందస్తు అనుమతి కావాలి, అది కనుక్కునే వెళ్లాలి. ఇంటి దగ్గర ఒకరికి మా దారి, క్యాంపులు, ఏ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో రాసిచ్చాం. ఆ వేళ విషయంలో ‘ఇంకాసేపు చూద్దాం’ అనుకోవద్దని చెప్పి మరీ ఇచ్చాం.

హైక్యాంపులో మొదటి రాత్రి ఆకాశం మబ్బు పట్టింది. మబ్బు దుప్పటిలా వేడిని పట్టి ఉంచడంతో మంచు గడ్డకట్టలేదు. రెండింటికి లేచి నాలుగడుగులు వేస్తే బూటు చీలమండ దాకా దిగిపోయింది. ఎవరూ మారు మాట్లాడలేదు, మళ్లీ స్లీపింగ్ బ్యాగుల్లోకి దూరాం. మర్నాడు రాత్రి చుక్కలు నిండుగా ఉన్నాయి. క్రాంపాన్ పళ్లు మాత్రమే దిగేంత గట్టిగా ఉంది మంచు. ఏడుంపావుకు శిఖరం మీద ఉన్నాం. దిగుతూ తూర్పు వాలుకు వచ్చేసరికి తొమ్మిదిన్నర కాలేదు, పైపొర అప్పుడే తడిగా మెరుస్తోంది. ఎడం పాటించి, ఒకరు దాటుతుంటే మిగతావాళ్లు వాళ్లను కనిపెట్టుకుని ఉంటూ ఒక్కొక్కరుగా దాటాం.

క్యాంపుకు చేరాక ప్లాన్ కాగితం మీదే అసలు పట్టిన సమయాలు రాసిపెట్టాను. కింది 700 మీటర్లు గంటకు 250 చొప్పున ఎక్కాం, పై 300కు వచ్చేసరికి వేగం గంటకు 120కి పడిపోయింది. వచ్చేసారి ఎక్కుడు మొత్తానికి ఒకే వేగం కాకుండా పై భాగానికి విడిగా లెక్క వేస్తాను.