ఎనిమిది ఎటు పోయింది?

మా అమ్మాయికి పదకొండేళ్ళు. పుట్టిందీ పెరుగుతున్నదీ డాలస్‌లో. ఆదివారం తెలుగు క్లాసులకి నాలుగేళ్ళు కార్లో తిప్పాను. అక్షరాలు వచ్చాయి, మాట రాలేదు. జూన్‌లో గుంటూరు వెళ్తే వాళ్ళ తాతయ్యతో "బాగున్నారా, తిన్నారా" దాటి ముందుకు సాగేది కాదు.

మా నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో ముప్పై ఏళ్ళు గుమాస్తా. టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, ధర అన్నీ నోటి లెక్కే. ఓ మధ్యాహ్నం బ్రాడీపేట ఇంట్లో కరెంటు పోయింది. కాసేపటికి ట్యాబూ చచ్చింది (పైకి అనలేదు గానీ హమ్మయ్య అనుకున్నాను). నాన్న పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి రాశారు: 1,23,45,679.

"చదువమ్మా."

"కామాలు తప్పు తాతయ్యా."

దాని స్కూల్లో మూడేసి అంకెలకో కామా. 12,345,679, అంటే పన్నెండు మిలియన్ల పైచిలుకు. ఈయనకేమో చివరి మూడూ వదిలి ఆపైన రెండేసి. కోటీ ఇరవై మూడు లక్షల పైచిలుకు. ఇద్దరూ ఒకరి కామాలు ఒకరు కొట్టేస్తుంటే నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

"ఎనిమిది ఎక్కడ?" అందది.

"చెప్తాగా. ముందు తొమ్మిదితో హెచ్చెయ్యి."

హెచ్చెయ్యడమంటే గుణించడమని తెలుసుకోవడానికి దానికి కొంత పట్టింది. వచ్చిన జవాబు 11,11,11,111. నాన్న గొంతెత్తి చదివారు: "పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండు!" మిలియన్లలో ఈ లయ రాదు. పక్షపాతమంటే అనండి.

"నీకే అంకె ఇష్టం?"

"ఏడు."

"ఏడు తొమ్ములు అరవై మూడు. దాంతో హెచ్చెయ్యి."

వరసగా తొమ్మిది ఏడులు వచ్చాయి. పిల్ల కుర్చీలోంచి దిగి నేల మీద కాగితం ముందు బోర్లా పడుకుంది.

ఎనిమిది సంగతి తేల్చడానికి నాన్న తిరుగు లెక్క వేయించారు. తొమ్మిది ఒకట్లు రాసి తొమ్మిదితో భాగించమన్నారు. పదకొండులో ఒకసారి పోతే రెండు మిగిలింది. పక్క ఒకటిని దించితే ఇరవై ఒకటి: రెండు సార్లు, మిగిలింది మూడు. తర్వాత ముప్పై ఒకటి, నలభై ఒకటి... పైన అంకె, కింద శేషం ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చాయి. డెబ్బై ఒకటి దగ్గర పైన ఏడు, కింద ఎనిమిది. చివరి ఒకటిని దించితే ఎనభై ఒకటి. తొమ్మిది తొమ్ములు ఎనభై ఒకటి, శేషం సున్నా. పైన ఎనిమిది రావాల్సిన చోట తొమ్మిది కూర్చుంది.

"తాతయ్యా, ఎనిమిది పోలేదు! కింద దాక్కుంది!"

నేను పలకమనకుండా అది పలికిన మొదటి పూర్తి తెలుగు వాక్యం అదేననుకుంటా. రాత్రి నేనూ ఊరుకోలేక ఆ సంఖ్యని విడగొట్టి చూశాను: 37 ఇంటూ 3,33,667. రెండూ ప్రధాన సంఖ్యలే, ఇక విడగొట్టడానికి లేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం, డాలస్‌లో ఏడున్నరకి, నా ఫోన్ లాక్కుని గుంటూరుకి వీడియో కాల్ చేసింది. అక్కడ తెల్లవారి ఆరు.

"తాతయ్యా, ఎనిమిదిని దాని చోట్లో పెట్టేశా. 12,34,56,789. తొమ్మిదితో హెచ్చేశా. వినండి. నూట పదకొండు కోట్ల, పదకొండు లక్షల, పదకొండు వేల, నూట ఒకటి. మధ్యలో సున్నా ఎందుకొచ్చింది?"

"ఉండమ్మా ఉండు," అంటూ నాన్న కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.