కాటాకు ముందు

శుక్రవారం, మార్చి 2026, గుంటూరు

ఈస్టరుకు ముందు మేం ఉపవాసాలతో గడిపే శ్రమకాలం సగం దాటింది. ఈ రోజుల్లో చర్చి దగ్గర ఎవరు కలిసినా అడిగే మాట ఒకటే: "ఈసారి ఏం మానేశావమ్మా?" ఒకరు మాంసం మానేస్తారు, ఒకరు కాఫీ, ఒకరు రాత్రి సీరియళ్ళు. నాకు ఇవన్నీ గౌరవమే. నేనూ శుక్రవారాలు మధ్యాహ్నం అన్నం తినను. కానీ యెషయా 58వ అధ్యాయం చదివినప్పుడల్లా మనసు అక్కడే ఆగిపోతుంది. తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో దేవుడు అందులో విడమరిచి చెప్పాడు. కాడి కింద నలిగేవాళ్ళను విడిపించడం, ఆకలిగా ఉన్నవాళ్ళకు మన అన్నంలోంచి పెట్టడం, దిక్కులేనివాళ్ళను ఇంట్లోకి పిలవడం. వీటిలో ఏది చేయాలన్నా ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి.

నాకు ఆ మనుషులు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా గోడౌన్‌లోనే ఉంటారు.

మిర్చి యార్డులో కొన్న సరుకు టిక్కీల్లో, అంటే బస్తాల్లో, మా దగ్గరికి వస్తుంది. కొన్ని ఆర్డర్లకు కాయ తొడిమ లేకుండా వెళ్ళాలి. ఆ తొడిమలు తీసేది ఆడవాళ్ళే. గోతాలు పరుచుకుని, ముక్కుకీ నోటికీ చున్నీయో పాత చీర ముక్కో కట్టుకుని, ముందు కాయల కుప్ప పోసుకుని కూర్చుంటారు. కూలి కిలో లెక్క. ఎవరు ఎంత తీస్తే అంత. సాయంత్రం ఒక్కొక్కరి కాయ కాటా మీద పెట్టి, నోటుబుక్కులో రాసి, డబ్బులు చేతిలో పెట్టడం నా పని. ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దుగూకక ముందే ఇచ్చెయ్యాలని ద్వితీయోపదేశకాండంలో ఉంది. షావుకారు గారు కూడా ఆ పద్ధతే పెట్టారు. అందుకు నేను రోజూ దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటాను, ఎందుకంటే వీళ్ళలో చాలామందికి సాయంత్రం బియ్యం ఆ డబ్బుతోనే.

ఈ రోజు వచ్చింది తేజ. గుంటూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు, తేజ అంటే సన్నగా, చిన్నగా ఉండి మంటెత్తించే కాయ. బాడిగ రకం అయితే కాయ పెద్దది, ఘాటు తక్కువ, కిలో తొందరగా తేలుతుంది. తేజ కిలో కావాలంటే ఎన్ని కాయలు తుంచాలో చేసే చేతులకే తెలుసు. మధ్యాహ్నానికి వేళ్ళ చివర్లు ఎర్రగా ఉబ్బుతాయి. కొందరు కొబ్బరినూనె రాసుకుంటారు, కొందరు మజ్జిగలో ముంచుకుంటారు. ఇంటికెళ్ళాక చంటిపిల్లను ఎత్తుకోవాలన్నా భయమే అని ఒకమ్మాయి అంది. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా ఆ చెయ్యి పిల్ల కళ్ళకు తగిలితే ఏడుపేనట.

పెద్దమ్మ సంగతి రాయాలనే ఈ రోజు పుస్తకం తీశాను.

ఆమె మాకెవరికీ చుట్టం కాదు, అందరం పెద్దమ్మ అనే పిలుస్తాం. ఈ సీజన్‌లో ఆమె పని బాగా తగ్గింది. చేతుల్లో బలం ఉంది, చూపు ఆనడం లేదు. కాయను కంటి దగ్గరికి తెచ్చుకుని, తొడిమ ఎటు ఉందో వేలితో తడుముకుని తుంచుతోంది. తుంచేసిన కాయను మళ్ళీ తుంచబోతోంది. పక్కనున్న పిల్ల మూడు గుప్పెళ్ళు తీసే లోపు ఆమెది ఒకటి. ఎవరైనా "నేను తీసిపెడతాలే పెద్దమ్మా" అంటే ఊరుకోదు. "నా కష్టం నేను తింటా తల్లీ" అంటుంది.

కాటా నా చేతిలోనే ఉంది కదా, అర కిలో ఎక్కువ రాస్తే ఎవరికి తెలుస్తుంది అనే ఆలోచన వస్తుంది. జాలితో వచ్చే ఆలోచనే. కానీ "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న సామెతల గ్రంథంలో, బీదవాళ్ళ కోసమైతే ఫర్వాలేదు అని రాసి లేదు. ఆ కాయ నాది కాదు, ఆ డబ్బూ నాది కాదు. ఇవ్వాలనుకుంటే నా పర్సులోంచి ఇవ్వాలి. అది ఆమె తీసుకోదు. కాటా దగ్గర న్యాయమే జరగాలి. దయ చూపించాలంటే కాటా దాకా రాకముందే చూపించాలి.

అది ఎలాగో నాకంటే ముందు, పెద్దమ్మ పక్కనే కూర్చుని తొడిమలు తీసే ముస్లిం ఆవిడ కనిపెట్టింది. ఆమెను మేం ఆపా (అక్క) అంటాం.

ఈ ఏడాది మా శ్రమకాలం, వాళ్ళ రంజాన్ ఒక్క రోజు తేడాతో మొదలయ్యాయి. ఆపా రోజా ఉంటోంది. అంత ఘాటులో, అంత దుమ్ములో, గొంతులో చుక్క నీళ్ళు పడకుండా సాయంత్రం వరకు కూర్చుంటుంది. దగ్గు వచ్చినప్పుడు లేచి గుమ్మం దాకా వెళ్ళి, గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ కూర్చుంటుంది. ఆమె బుట్టా పెద్దమ్మ బుట్టా పక్కపక్కనే. తొడిమ తీసిన కాయ గుప్పెట నిండగానే తన బుట్టలో వేసుకోవాలి కదా, నాలుగైదు గుప్పెళ్ళకొకసారి ఆ చెయ్యి పక్కకు వెళ్ళి పెద్దమ్మ బుట్టలో పడేస్తోంది. తల తిప్పదు, మాట ఆపదు. బుట్ట అంచు దగ్గర వేస్తే గలగలమంటాయని మెల్లగా మధ్యలో వదులుతోంది. అవతలి వైపు కూర్చున్న పిల్ల కూడా చూసి అదే పని మొదలుపెట్టింది. పెద్దమ్మ తన కాయ తాను తడుముకుంటూ ఉంది.

నాకు వెంటనే రూతు గుర్తొచ్చింది. బోయజు పొలంలో పరిగె ఏరుకోవడానికి వచ్చిన పరాయి దేశపు విధవరాలు. ఆకలిగా ఉందని బోయజు ఆమెకు భోజనం పెట్టాడు. ఆ తర్వాత ఒక మూట యవలు కట్టి ఇచ్చి పంపమనొచ్చు, కానీ తన కూలీలతో అలా చెప్పలేదు. కట్టల్లోంచి కావాలనే కొన్ని లాగి పడెయ్యండి, ఆమె ఏరుకుంటుంది, ఏమీ అనకండి అన్నాడు. రూతు సాయంత్రం దుళ్లగొట్టుకుని, తన చేతులతో ఏరిన గింజలు ఇంటికి మోసుకెళ్ళింది. మా అమ్మ తెనాలి వైపు పొలాల్లో పరిగె ఏరిన మనిషి. వరి కోతలయ్యాక మంచి రైతు ఎవరో, కాని రైతు ఎవరో చేలో మిగిలిన వెన్నులు చూస్తే తెలిసేదని చెప్పేది. అందుకేనేమో చిన్నప్పటి నుంచీ బైబిలు కథల్లో నాకు అన్నిటికంటే దగ్గరది ఇదే. ఆ కథ ఎప్పుడూ వినని ఆపా దాన్ని నా కళ్ళ ముందు చేసి చూపించింది. ప్రభువు తన పని ఎవరి చేత చేయించుకుంటాడో నిర్ణయించడానికి మనం ఎవరం?

అందరికీ అలా మనసు రాలేదు, అది కూడా రాయాలి. ఒకావిడ చూసి, "నాకూ పిల్లలున్నారు, నా బుట్టలో ఎవరు వేస్తారు?" అంది, కాస్త గట్టిగానే. పెద్దమ్మకు వినపడలేదనుకుంటాను. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె పెద్దబ్బాయికి పరీక్ష ఫీజు కట్టాలి, పొద్దున్నే చెప్పింది. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో, చివరి గంటలో వచ్చినవాళ్ళకూ దేనారమే (ఒక రోజు కూలి), ఎండలో రోజంతా చేసినవాళ్ళకూ దేనారమే అని సణిగినవాళ్ళను మనం ప్రసంగాల్లో తేలిగ్గా తప్పుపడతాం. వాళ్ళు నిజంగా ఎండలో చేశారు. ఆ యజమాని కూడా వాళ్ళలో ఒకడిని "స్నేహితుడా" అనే పిలిచాడు. నేను వెళ్ళి ఆమె పక్కన కాసేపు కూర్చుని ఫీజు ఎంతో, చివరి తేదీ ఎప్పుడో అడిగాను. సీజన్ అడ్వాన్సు కింద షావుకారు గారిని అడగొచ్చని చెప్పాను. ఆమె తలూపింది.

సాయంత్రం కాటా. పెద్దమ్మ కాయ తూచి, ఉన్నది ఉన్నట్టు రాశాను. నిన్నటి కంటే బాగా ఎక్కువే. ఆమె నోట్లు వేళ్ళతో తడిమి కొంగున ముడేసుకుంటూ, "ఈ రోజు చెయ్యి ఆడింది తల్లీ" అంది. నేను, "అవును పెద్దమ్మా" అన్నాను. అప్పటికే ఇఫ్తార్ టైం అవుతోందని ఆపా సర్వీసు ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది.

రాత్రి చర్చిలో సిలువ ధ్యానం. పాస్టరు గారు ఈ ఊరికి వచ్చిన పాత మిషనరీల గురించి నాలుగు మాటలు చెప్పారు. 1842లో హేయర్ అయ్యగారు గుంటూరు వచ్చిన సంగతి మాకు సండే స్కూలు నుంచీ తెలుసు. నా మనసు మాత్రం డాక్టర్ అన్నా కుగ్లర్ దగ్గరే ఉండిపోయింది. ఆమె 1883లో వచ్చినప్పుడు మిషన్ వాళ్ళు డాక్టరుగా పంపలేదు, బోధన పనికి పంపారు. ఇక్కడికొచ్చి చూస్తే, మగ డాక్టరు దగ్గరికి వెళ్ళలేక ఇళ్ళల్లోనే బాధపడే ఆడవాళ్ళు. ఆస్పత్రి కట్టేదాకా ఆగుదాం అనుకోలేదు, చేతిలో ఉన్న మందులతోనే మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె పేరుతోనే పిలిచే ఆస్పత్రి 1898లో వచ్చింది. 1930లో చనిపోయేదాకా ఆమె ఊరు గుంటూరే. మా పెద్దవాళ్ళలో ఎంతోమంది, అన్ని మతాల వాళ్ళూ, "నేను కుగ్లర్లో పుట్టాను" అని ఇప్పటికీ చెప్పుకుంటారు.

బెంచీ మీద కూర్చుని ఆలోచించాను, నా చేతిలో ఏముందని. గోడౌన్‌లో పెద్దమ్మ కూర్చునే మూల చీకటి. ప్రార్థన అయ్యాక బయటికొచ్చి షావుకారు గారికి ఫోన్ చేశాను. అక్కడ ఒక ట్యూబ్‌లైట్ వేయిస్తే పని తేలుతుందని, కాయల్లో తొడిమలు మిగలవని చెప్పాను. పెద్దమ్మ పేరెత్తలేదు. "వేయించమ్మా, బిల్లు పంపు" అన్నారు. ఫీజు అడ్వాన్సు సంగతి కూడా అడిగాను, రేపు వచ్చి మాట్లాడతానన్నారు.

ఇంకొకటి, పెద్దమ్మ కళ్ళు. వాటి మీద కనిపించే పొర శుక్లమే అయి ఉంటుందని నా అనుమానం, డాక్టరు చూసి చెప్పాలి. సోమవారం పెద్దాసుపత్రి కంటి ఓపీకి తీసుకెళ్తాను. ఒక్కదాన్నే రమ్మంటే ఆమె రాదు, "నాకేం, బానే ఉన్నా" అంటుంది. నేనూ నా అద్దాల కోసం చూపించుకోవాలి, పత్రికలో చిన్న అక్షరాలు మసకగానే ఉంటున్నాయి. "నాకు తోడు రా పెద్దమ్మా" అని పిలుస్తాను. ఆధార్ కార్డు తెచ్చుకోమని ముందే చెప్పాలి.

రేపు ఎలక్ట్రీషియన్ ఏడున్నరకే వస్తానన్నాడు. వాళ్ళంతా వచ్చి కూర్చోక ముందే లైటు వెలగాలి, అలారం ఐదింటికి పెట్టాను.