కవరేజ్ రిపోర్ట్‌లో శాతం కంటే ముందు చూడాల్సింది

పైథాన్ ప్రాజెక్ట్‌లో టెస్టులు నడిపే పైటెస్ట్‌కి పైటెస్ట్-కవ్ ప్లగిన్ తగిలిస్తే టెస్టులు అయ్యాక చివర్లో, వాటివల్ల కోడ్‌లో ఎంత భాగం రన్ అయిందో (అదే కవరేజ్) చెప్పే ఒక టేబుల్ వస్తుంది, అందరి కళ్ళూ నేరుగా దాని అడుగున ఉన్న శాతం మీదకే పోతాయి. నేనైతే ముందు మిస్సింగ్ కాలమ్ చూడమంటాను. అది దానంతటదే రాదు, టర్మ్-మిస్సింగ్ రిపోర్ట్ కావాలని అడగాలి. ఏ లైన్లని ఒక్క టెస్టూ తాకలేదో నంబర్లతో సహా అక్కడ ఉంటుంది. కవరేజ్ కచ్చితంగా చెప్పగలిగేది రన్ కాని కోడ్ గురించే. రన్ అయిన కోడ్ సరిగ్గా పనిచేసిందో లేదో దానికి తెలీదు, ఫలితాన్ని సరిచూసే అసర్ట్ ఒక్కటీ లేని టెస్ట్ రాసినా ఆ లైన్లన్నీ కవర్ అయినట్టే లెక్కేస్తుంది.

ఒక చిన్న ఫంక్షన్ అనుకోండి. డెలివరీ చార్జి మొదట 40 అని పెట్టి, బిల్లు 500 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే దాన్ని సున్నా చేసి, రిటర్న్ చేస్తుంది. ఎల్స్ లేదు. 700 బిల్లుతో ఒకే టెస్ట్ రాస్తే ప్రతి లైనూ రన్ అవుతుంది, రిపోర్ట్ 100% అంటుంది, కానీ చార్జి కట్టాల్సిన కస్టమర్ సంగతి మనం అసలు చూడనే లేదు! కండిషన్ నిజమైతే ఒకటి, కాకపోతే ఒకటి, ఈ రెండు దారులూ నడిచాయా అని చూసే బ్రాంచ్ కవరేజ్ ఆన్ చేస్తే ఇది వెంటనే దొరుకుతుంది. కొత్త ప్రాజెక్ట్ అయితే మొదటి రోజే ఆన్ చేసేయండి.

సరే, 300తో ఇంకో టెస్ట్ రాశాం, బ్రాంచులూ 100% అయ్యాయి. మరి సరిగ్గా 500 బిల్లొస్తే? రేపు ఎవరైనా ఆ కండిషన్‌లోంచి 'సమానం' తీసేసినా ఈ రెండు టెస్టులూ హాయిగా పాసవుతాయి. మ్యూట్‌మట్ లాంటి మ్యుటేషన్ టెస్టింగ్ టూల్స్ కావాలనే కోడ్‌లో ఇలాంటి చిన్న మార్పులు చేసి టెస్టుల్ని మళ్ళీ నడుపుతాయి, ఏదీ ఫెయిల్ అవకపోతే ఆ మార్పు మన కన్నుగప్పిందని చెప్తాయి. టైమ్ బాగా తింటాయి, డబ్బు లెక్కలున్న మాడ్యూల్స్‌కి మాత్రం పెట్టుకున్నా చాలు.

ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ టీమ్‌ని చూడండి. విమానాల సాఫ్ట్‌వేర్‌లో అత్యంత కీలకమైన స్థాయికి అడిగే ఎమ్‌సీ/డీసీ కవరేజ్‌ని (కండిషన్‌లోని ప్రతి ముక్కా విడిగా ఫలితాన్ని మార్చగలదని టెస్టులతో చూపించడం) కూడా వాళ్ళు 100% సాధించారు, 3.42.0 వెర్షన్ నాటికి టెస్ట్ కోడే అసలు కోడ్‌కి 590 రెట్లు. అయినా ఎడాపెడా పిచ్చి ఇన్‌పుట్లు ఇచ్చి చూసే ఫజ్ టెస్టింగ్ ఆపలేదు.

అందుకే సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టుల్ని దానంతటదే నడిపే ఏర్పాటు) '80% దాటకపోతే బిల్డ్ ఫెయిల్' అన్న రూల్ ఒక్కటే పెట్టి వదిలేయడం నాకు నచ్చదు. నంబర్ కోసం, ఉన్న విలువని తిరిగిచ్చే సులువైన గెటర్లకి టెస్టులు పుట్టుకొస్తాయి, కష్టమైన ఎర్రర్ హ్యాండ్లింగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. దాని బదులు డిఫ్-కవర్ అనే టూల్ పెట్టి, ఆ పుల్ రిక్వెస్ట్‌లో (మెయిన్ కోడ్‌లో కలపమని పంపిన మార్పుల్లో) మారిన లైన్లలో ఏవి కవర్ కాలేదో రివ్యూలో చూడండి. పేమెంట్ ఫెయిలైనప్పుడు నడవాల్సిన ఎక్సెప్ట్ బ్లాక్ ఆ లిస్టులో కనిపిస్తే, మొత్తం శాతం 95 ఉన్నా సరే, టెస్ట్ వచ్చేదాకా మెర్జ్ చేయకండి.