కోరంగీలు, బర్మావోళ్ళు, ఏజెన్సీవోళ్ళు

ఆదివారం. బండి క్లచ్ వైరు తెగింది. కంచరపాలెం మెకానిక్ గంటలో ఇచ్చేస్తానన్నాడు, అంటే రెండు గంటలని అర్థం. ఆకలేసి బర్మా క్యాంప్ వైపు నడిచి ఒక నూడుల్స్ బండి దగ్గర నిలబడ్డాను. పక్కన ఒక పెద్దాయన తింటున్నారు. మాటల్లో తెలిసింది, పుట్టింది రంగంలోనట. మా వైపు రంగూన్‌ని ఇప్పటికీ పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు, వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక ఉన్నదంతా వదిలేసి వచ్చిన కుటుంబం వాళ్ళది.

"అక్కడ మమ్మల్ని కోరంగీలనేవోరు బాబూ. ఇక్కడ దిగేసరికి బర్మావోళ్ళొచ్చార్రా అన్నారు. తెలుగోళ్ళని మాత్రం ఎవరూ అన్లేదు" అని నవ్వి, ఇంకాస్త కారం వేయమన్నారు.

కోరంగి కాకినాడ దగ్గరి పాత రేవు. 1839 తుఫానుకి ఆ రేవు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత విశాఖ నుంచి, భీమిలి వైపు నుంచి ఓడెక్కిన వాళ్ళు కూడా, కోరంగి ఎక్కడుందో తెలియకపోయినా, బర్మాలో కోరంగీలే అయ్యారు. కూలి పనికి వెళ్ళినవాడిని నీ పేరేంటని అడిగేదెవరు? మలయాలో, అంటే ఇప్పటి మలేషియా వైపు, ఇంకో రకం. కళింగ నుంచి వచ్చిందని చెప్పే 'క్లింగ్' అనే మాట ఒకప్పుడు అక్కడికెళ్ళిన మనవాళ్ళకి మామూలు పేరే, ఇప్పుడు అక్కడ దాన్ని తిట్టుగా తీసుకుంటారు. మాట అదే, అనేవాడి గొంతు మారిందంతే.

ఇలాంటివి విన్నప్పుడు మనకి కాస్త రోషం వస్తుంది. ఢిల్లీలో మద్రాసీ అన్నా వస్తుంది. కానీ మన విశాఖలో మనం చేసేదేంటి? పాడేరు నుంచి వచ్చిన పసుపు ఏజెన్సీ పసుపు, అరకు నుంచి వచ్చిన మనిషి ఏజెన్సీ మనిషి. ఈ ఏజెన్సీ అనేది కొండ పేరూ కాదు, తెగ పేరూ కాదు. 1839లోనే గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకి ఏజెంటుగా పెట్టి ఆయన చేతికిచ్చారు. ఏజెంటు పాలించేది ఏజెన్సీ. ఆ ఏర్పాటు వచ్చి ఎన్నేళ్ళయినా, బగతలు, కోదులు, గదబలు, వాల్మీకులు అందరూ ఆ దొర హోదా పేరుతోనే మన నోళ్ళలో ఉన్నారు.

పోర్జ అనే పేరు ఇంకా చిత్రం. ప్రజ అన్న మాటకి ఒడియాలో వాడే రూపం నుంచి వచ్చిందంటారు. అంటే రాజుకి రైతులు, శిస్తు కట్టేవాళ్ళు. రాజులు పోయారు, సంస్థానాలు పోయాయి, ఆ పేరు తెగ పేరై మిగిలింది.

నిజానికి మనమూ ఒకప్పుడు ఆ వరసలో వాళ్ళమే. ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణంలో విశ్వామిత్రుడి మాట వినక శాపం తిన్న కొడుకుల సంతతి అని ఒక జాబితా ఉంది: ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. ఆంధ్రులు, కొండ తెగ అయిన శబరులు ఒకే వాక్యంలో, ఒకే శాపం కింద. చరిత్ర పుస్తకాల్లో ఈ వాక్యాన్ని మన ప్రాచీనతకి సాక్ష్యంగా గర్వంగా చూపిస్తాం. శబరుల సంగతి అక్కడ ఎవరూ ఎత్తరు.

సాయంత్రం ఆఫీసు కొలీగ్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. వాళ్ళది అరకు దగ్గర, కొండదొరలు. ఆదివారం పూట నా సోది ఓపిగ్గా విన్నది. వాళ్ళ నాన్నమ్మ తమ భాషని కూబి అనేదట. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ భాష మీద 1969లో వేసిన పుస్తకం పేరు కూడా 'కొండ లేక కూబి'. పైవాళ్ళు పెట్టింది ముందు, సొంతది తర్వాత.

"మరి మీ పాపకి కూబి అని ఎక్కడైనా రాయిస్తావా?" అన్నాను.

"ఎక్కడ రాయించమంటావు? ఎస్టీ లిస్టులో కొండదొర పక్కన కూబి కూడా ఉందిలే, కానీ మా కాగితాలన్నిట్లో కొండదొర అనే ఉంది. ఎమ్మార్వో ఆఫీసులో ఒక్క అక్షరం తేడా వస్తేనే మళ్ళీ రమ్మంటారు. ముందు దానికి హాస్టల్ సీటు రానీ" అంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలైన జాబితా అది. అందులో ఉన్న పేరుకే సర్టిఫికెట్, సర్టిఫికెట్‌కే సీటు. ఆ లెక్క తనకి నాకంటే బాగా తెలుసు. రేపు జిరాక్సులు తీయించాలి, పెన్‌డ్రైవ్ తెమ్మని చెప్పి పెట్టేసింది.