కాలేజ్ రోడ్‌లో ఎల్లిస్ జాడ

పినాకిని ఎక్స్‌ప్రెస్ సూళ్లూరుపేట దాటిందంటే స్టేషన్ బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. మాటలు మాత్రం అంత తొందరగా మారవు. గుమ్మిడిపూండిలో ఎక్కిన పూలమ్మే ఆమె మూర పూల ధర తమిళంలో చెబితే, ఎదురు సీట్లో ఉన్న నెల్లూరావిడ తెలుగులో బేరం ఆడింది. ఇద్దరికీ ఎక్కడా ఇబ్బంది కాలేదు. ఈ రెండు భాషలూ ఒకే కుటుంబమని లోకానికి మొదట రుజువు చేసి చూపించిన మనిషి కోసమే నా మద్రాసు ప్రయాణం. ఆయన పేరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి.

సెంట్రల్‌లో దిగి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళితే ఎగ్మోర్. అక్కడ బాబాయి ఎదురొచ్చాడు. ఆయన ఐసీఎఫ్ అనే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే. ఆటోలో నుంగంబాక్కం కాలేజ్ రోడ్‌కి వెళుతుంటే, ‘విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ ఉంది కదరా, అందుకే ఆ పేరు’ అన్నాడు. ఆ కాలేజీ వచ్చింది 1915లో. రోడ్డు పేరు అంతకంటే చాలా పాతది. 1812లో ఎల్లిస్ చొరవతో మొదలైన సెయింట్ జార్జ్ కోట కళాశాల వల్ల వచ్చింది. ఇంగ్లండ్ నుంచి కొత్తగా దిగిన కంపెనీ ఉద్యోగులకు తెలుగు, తమిళం, కన్నడం లాంటి భాషలు నేర్పే చోటు అది. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ కూడా ఇక్కడే తెలుగు దిద్దుకున్నాడు.

ఆ కళాశాల ఉన్న ఆవరణ ఇప్పుడు విద్యాశాఖది. అందరూ డీపీఐ అంటారు. బదిలీల కాగితాలు పట్టుకున్న టీచర్లు చెట్ల కింద గుంపులుగా ఉన్నారు. ఒక పక్కన ఎర్రటి భవనంలో మద్రాస్ లిటరరీ సొసైటీ గ్రంథాలయం ఉంది, అదీ 1812 నాటి సంస్థే. లోపల బీరువాలు పైకప్పు దాకా ఉన్నాయి. పాత కాగితం వాసన ముక్కుకి తగిలింది. నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఎల్లిస్ చేసిన పని ఏమిటో బాబాయికి అక్కడే చెప్పాను. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రకటించాడు. ఇండో-యూరోపియన్ భాషల అధ్యయనానికి ఊపు వచ్చింది దాంతోనే. మూడు అనే అంకె సంస్కృతంలో త్రయః, గ్రీకులో ట్రెయిస్, లాటిన్‌లో ట్రెస్. ఆ చుట్టరికం వినగానే తెలుస్తుంది. అయితే ఆ ఉత్సాహంలో మన భాషలన్నీ సంస్కృతం బిడ్డలేనని కోల్‌బ్రూక్, విల్కిన్స్, కేరీ లాంటి పెద్దపెద్ద పండితులే రాసేశారు. మన మూడు, తమిళుల మూణు, కన్నడిగుల మూరు ఆ వరుసలో ఎక్కడ ఇముడుతాయి?

1816లో ఎ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం మద్రాసులో అచ్చయింది. దాని పీఠికకు అనుబంధంగా ఎల్లిస్ ఒక వ్యాసం రాశాడు. ముందు సంస్కృత ధాతువుల (మాటల మూలరూపాల) పక్కన తెలుగు ధాతువులు పెట్టి రెండూ వేరని చూపించాడు. తర్వాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన వరుసలుగా పేర్చాడు. మాటలతో ఆగకుండా వాక్య నిర్మాణం కూడా పోల్చాడు. సంస్కృతం ఈ భాషలకు మెరుగు పెట్టి ఉండవచ్చు గానీ, అది లేకపోయినా ఇవి బతకగలవని తేల్చాడు. మలయాళం, తుళు, కొడగులను, ఎక్కడో రాజమహల్ కొండల్లో ఉన్న భాషను కూడా ఈ కుటుంబంలో చేర్చాడు. ఈ భాషల మీద కాల్డ్‌వెల్ రాసిన తులనాత్మక వ్యాకరణం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో. ద్రావిడ అనే పేరు స్థిరపడింది దాంతోనే.

నన్ను ఇంత దూరం లాక్కొచ్చింది మాత్రం ఆ వ్యాసంలో కనిపించే మన పండితులు. ధాతువుల పట్టిక కళాశాల పండితుడు పట్టాభిరామశాస్త్రి కూర్పు ఆధారంగా తయారైంది. తెలుగు మాటల్లో సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు వచ్చిన తత్సమం ఏది, మారి వచ్చిన తద్భవం ఏది, అచ్చంగా మనదైన దేశ్యం ఏది అనే విభజనను మచిలీపట్నం మామిడి వెంకయ్య నిఘంటువు ఆంధ్రదీపిక పీఠిక నుంచి ఎల్లిస్ అనువదించి ఇచ్చాడు. మన వ్యాకరణ సంప్రదాయం ముందే అలా వేరుచేసి పెట్టకపోతే ఆ రుజువు అంత సులువుగా నిలబడేది కాదని నా నమ్మకం. మన పాఠ్యపుస్తకాల్లో ఈ ఇద్దరి గురించీ ఒక పేజీ అయినా ఉండాలి.

సాయంత్రం రాయపేట పెరియపాళయత్తమ్మన్ గుడికి వెళ్లాం. 1818లో నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఎల్లిస్ ఊళ్లో బావులు తవ్వించి వేయించిన శాసనం అక్కడ ఉంది. తమిళ పద్యాల్లో రాయించాడు, నడుమ ఒక తిరుక్కురళ్ కూడా పెట్టించాడు. బాబాయి తమిళ మీడియంలో చదివినవాడు. కళ్లజోడు సవరించుకుని, ఆ కురళ్‌ని గుర్తుపట్టి గడగడా చదివి అర్థం చెప్పాడు: ఊటనీరు, వాననీరు, కొండ, దాని మీంచి దిగే ఏరు, గట్టి కోట, ఇవే దేశానికి అంగాలట.

మరుసటి ఏడాదే, 1819లో, ఎల్లిస్ రామనాథపురంలో చనిపోయాడు. నలభై ఏళ్లు నిండేదాకా చదువుకోవడమే తప్ప పెద్ద పుస్తకాలు వెయ్యకూడదని పట్టుబట్టినవాడు. నిండిన కొద్దికాలానికే పోయాడు. ఆయన కాగితాలు చాలావరకు మదురైలో ఒక వంటవాడి పొయ్యిలోకి పోయాయని చెబుతారు. అది విని బాబాయి ‘అయ్యయ్యో’ అంటూ గుడి మెట్ల మీద కూలబడ్డాడు.

మెరీనాలో కాల్డ్‌వెల్ విగ్రహం చూసి ఇంటికి చేరాం. బ్రౌన్ సేకరించిన తెలుగు ప్రతులున్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఇప్పుడు కొట్టూరుపురంలో, అన్నా శతాబ్ది గ్రంథాలయ భవనంలో ఉంది. మళ్లీ వచ్చినప్పుడు రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్దామని బాబాయి అప్పుడే చెప్పేశాడు.