నిచ్చెన మీద ఎవరి మెట్టు వారిది

మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషి వ్యాలీ పాఠశాల గురించి చాలామందికి తెలుసు గానీ, దాని గ్రామీణ విద్యా విభాగం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల మీద నాకు ఎక్కువ ఆసక్తి. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కూర్చునే ఆ బడుల కోసం వారు పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులుగా మార్చారు. నేర్చుకోవాల్సిన అంశాలను మెట్లుగా వరుసలో చూపే ‘నిచ్చెన’ పటంలో తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుని, దాని గుర్తు ఉన్న కార్డును పిల్లవాడు తానే తెచ్చుకుంటాడు. ఆ పనిని బట్టి కొన్నిసార్లు ఉపాధ్యాయుడి దగ్గర, కొన్నిసార్లు తోటివారితో, మరికొన్నిసార్లు ఒంటరిగా కూర్చుంటాడు. కొన్నాళ్లు బడి మానిన పిల్లవాడు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడతాడు కాబట్టి, వెనుకబడ్డావని అనిపించుకునే అవకాశం తక్కువ (మన ప్రైవేటు బడుల ర్యాంకుల పట్టికలు ఇక్కడ గుర్తుకు రాక మానవు).

ఈ పద్ధతే 1995లో మైసూరు ప్రాంతంలో మొదలైన ‘నలి కలి’ (కన్నడంలో ‘ఆడుతూ నేర్చుకో’) అనే బోధనా కార్యక్రమానికి, ఆ తర్వాత చెన్నై నగరపాలక బడుల్లో వచ్చిన కృత్యాధార బోధనకు (పనులు చేస్తూ నేర్చుకునే పద్ధతికి) ప్రేరణ అయింది. అయితే కార్డులు అచ్చువేసి పంచడం సులువు; ఏ బిడ్డ ఏ మెట్టు దగ్గర ఎందుకు ఆగిందో గమనించే నేర్పు ఉపాధ్యాయుడికి అబ్బాలంటే మంచి శిక్షణ, గదిలో తక్కువ మంది పిల్లలు ఉండాలి. కిక్కిరిసిన తరగతిలో ఇది నడుస్తుందని నేను అనుకోను.